సారవ్వ డబ్బా లైసెన్సు

గోదావరిఖనిలో ఆటో ఎక్కి "సారవ్వ డబ్బా" అంటే చాలు, ఇంకేమీ చెప్పనక్కర్లేదు. ఒకవైపు బొగ్గుబాయి గేటు, ఇంకోవైపు హైస్కూలు ప్రహరీ, నడుమ తగరపు రేకుల డబ్బా కొట్టు. అది ఎప్పుడు పెట్టారని అడిగితే మాత్రం ఎవరికీ సరిగ్గా తెలియదు. సారవ్వకు తెలుసు గానీ, ఆమె చెప్పడం మొదలుపెడితే అది మొగుడు రాయమల్లు బాయిలో చేరిన నాటి నుంచి వస్తుంది, వినేవాళ్లకు షిఫ్టు టైమైపోతుంది.

ఆ డబ్బాకు మొన్నటిదాకా రెండు ముఖాలుండేవి. గేటువైపు బీడీ కట్టలు, తంబాకు, సున్నం డబ్బీలు. బడివైపు బిస్కెట్లు, చాక్లెట్లు, మామిడి తాండ్ర, పెన్ను రీఫిళ్లు. బాయిలోపల అగ్గి ముట్టించడం మహా నేరం కాబట్టి దిగేవాళ్లు తంబాకు కొనుక్కొని దిగేవాళ్లు, ఎక్కినవాళ్లు పైకి రాగానే బీడీకి ఉరికి వచ్చేవాళ్లు. అటు చూస్తే పిల్లలు. సారవ్వ ఇటొక చెయ్యి, అటొక చెయ్యి వేస్తూ, నోటితో ఎవరి ముచ్చట వాళ్లకు చెబుతూ బతికింది.

తర్వాత బల్దియా వాళ్లు, అంటే మున్సిపాలిటీ వాళ్లు, కొత్త పద్ధతి తెచ్చారు. బీడీ, సిగరెట్, తంబాకు అమ్మే ప్రతి కొట్టుకూ లైసెన్సు ఉండాలన్నారు. లైసెన్సు తీసుకున్న కొట్లో పిల్లలు తినే వస్తువు ఒక్కటి కూడా ఉండకూడదన్నారు. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్ల చేతికి పొగాకు ఇచ్చినట్టు తేలితే లైసెన్సు పోతుంది. జాగా కూడా బల్దియాదే కాబట్టి లైసెన్సుతో పాటు డబ్బా కూడా అక్కణ్నుంచి లేస్తుంది.

సారవ్వకు డబ్బా ఒక ముఖం మూయక తప్పలేదు. ఆదివారం వస్తే బడికి తాళం, ఎండాకాలం వస్తే తాళం. బాయికి తాళం ఉండదు. ఆమె బడివైపు రేకు దింపి మేకులు కొట్టించింది. మిగిలిన చాక్లెట్లన్నీ ఆ సాయంత్రమే పిల్లలకు పంచిపెట్టింది. ఇక ఆ లైసెన్సు కాగితం తప్ప ఆమెకు వేరే ఆధారం లేదు. రాయమల్లు పోయినంక వచ్చే పింఛను బీపీ గోలీలకూ కరెంటు బిల్లుకూ సరిపోతుంది. బువ్వ పెట్టేది డబ్బానే.

కాగితం సంపాదించడం ఒక ఎత్తు, దాన్ని కాపాడుకోవడం ఇంకొక ఎత్తు అయింది. ఈ కాలనీల్లో మగవాళ్లు బీడీలకు తామే నడిచి వచ్చే అలవాటు ఏనాడూ లేదు. షిఫ్టు దిగి, నడుము వాల్చి, "పోరా, సారవ్వ కాడ కట్ట తేపో" అని పిల్లలను పంపుతారు. తాతలు పంపారు, తండ్రులు పంపారు, అది తప్పని ఎవరూ అనుకోలేదు. సారవ్వే ఎన్నోసార్లు కట్ట మీద ఒక చాక్లెట్ పెట్టి పంపించింది. ఇప్పుడేమో వచ్చిన ప్రతి పిల్లకూ పిల్లగానికీ "నీకియ్యను బిడ్డా, మీ బాపును రమ్మను" అని చెప్పీ చెప్పీ ఆమె దవడలు నొప్పి పెడుతున్నాయి.

"ఏంది సారక్కా, మా పొల్లను ఉత్త చేతులతోని ఎల్లగొట్టినవట?" అంటూ నర్సింగం ఒకనాడు లుంగీ ఎగ్గట్టుకొని వచ్చాడు. బాయిలో పైకప్పు కూలకుండా దిమ్మెలు పెట్టే పని అతనిది.

"ఎల్లగొట్టలే. బాపును రమ్మన్న."

"బాపు రావాల్నంటె బాపుకు నడుము లేవాలె గదా. రాత్రంత కప్పు కింద నిలబడి వచ్చిన."

"బీడీ పీల్చెటానికి లేస్తది, కొనుక్కునెటానికి లేవదా నీ నడుము?"

"ఇగ రేపు నన్ను కూడ ఆధార్ కార్డు చూపియ్యమంటవేమో!"

"నీకెందుకు తియ్యి. నీ బట్టతల చాలు సాక్ష్యం."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు, నర్సింగం కూడా నవ్వాడు. కట్ట తీసుకొని, "పెద్ద ఆఫీసరమ్మవు అయినవు పో" అని గొణుక్కుంటూ వెళ్లాడు. నవ్వులాటలో పోయింది గానీ, రోజూ ఇలా పదిమందితో వాదించడం ఆమె వయసుకు బరువే. కొందరు నవ్వకుండానే పోయేవాళ్లు. వాళ్లు మళ్లీ వచ్చేవాళ్లు కాదు.

ఎవరు వచ్చినా రాకపోయినా అనసూర్య మాత్రం వచ్చేది. పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు గనిలో మధ్యాహ్నం బ్లాస్టింగ్ అయి, డబ్బా రేకులు గడగడలాడి ఊరుకున్న కాసేపటికి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుంటూ మెల్లగా వచ్చి స్టూలు మీద కూలబడేది. అనసూర్య మొగుడు రాజం, సారవ్వ మొగుడు రాయమల్లు బాయిలో ఒకే బొగ్గు టబ్బు నింపిన జోడీ. సారవ్వ రాజాన్ని అన్నా అనేది, అనసూర్యను వదినె అంటుంది. బొగ్గు దుమ్ము, బీడీ పొగ కలిసి ఊపిరితిత్తులు పాడై రాజం బాయికి పనికిరాడని డాక్టర్లు రాస్తే, ఆ ఉద్యోగం కొడుకు కిషన్‌కు వచ్చింది. అతను ఓపెన్‌కాస్టులో డంపర్ నడుపుతున్నాడు. రాజం పోయి రెండేళ్లవుతోంది. అప్పటి నుంచే అనసూర్యకు బీడీ అలవాటైంది. ఈ వైపు ముసలివాళ్లు బీడీ తాగడం వింతేమీ కాదు గానీ, సారవ్వ మొదట్లో ఆటపట్టించింది.

"మా అన్న ఉన్నప్పుడు పొగకు కొంగడ్డం పెట్టుకునేదానివి. ఇప్పుడేమైంది వదినే?"

"ఆ వాసన లేకపోతే నిద్ర పడ్తలేదు" అంది అనసూర్య.

ఆ మాటకు సారవ్వ కళ్లలో నీళ్లు తిరిగాయి. మళ్లీ అడగలేదు. రాజం తాగే పచ్చ దారం బీడీలు ఈ చుట్టుపక్కల ఇంకెవరూ పెట్టరు, అనసూర్య కోసమే సారవ్వ తెప్పించేది. పాతకాలపు ముచ్చట్లు కాసేపు చెప్పుకొని, కట్ట కొంగుకు ముడేసుకొని అనసూర్య వెళ్లిపోయేది.

బతుకమ్మ పువ్వు పూసే రోజుల్లో ఒక పూట బల్దియా నుంచి సుహాసిని మేడం వచ్చింది. లైసెన్సు కొట్లను చూసే పని ఆమెదే. వాళ్ల నాన్న ఎప్పుడో కోస్తా నుంచి రామగుండం కరెంటు ఫ్యాక్టరీలో పనికి వచ్చాడు. ఈమె ఇక్కడే పుట్టి పెరిగింది గానీ మాట మాత్రం ఇంటి మాటే. నెమ్మదైన మనిషి. ఆ రోజు స్టూలు చూపించినా కూర్చోలేదు.

"మీ మీద కంప్లైంట్ వచ్చిందమ్మా."

"నా మీదనా? ఎవలిచ్చిండ్రు బిడ్డా?"

"కిషన్ గారు, డంపర్ ఆపరేటర్. వాళ్లబ్బాయి రుత్విక్ టెన్త్ చదువుతున్నాడు. స్కూలు బ్యాగులో బీడీ కట్ట దొరికిందట. ఎక్కడిదంటే మీ దగ్గర కొన్నానని చెప్పాడట."

కిషన్ పుట్టిన నాడు, కుండపోత వానలో మంత్రసానిని పిలుచుకొచ్చింది సారవ్వే. ఆ కిషన్ తన మీద కాగితం రాశాడు. ఒక్క మాట వచ్చి అడగకుండా రాశాడు.

"మేడం, నేను అమ్మలే. ఈ కాగితం గోడకు తగిలేసిన కాడి నుంచి పిల్లల చేతికి అగ్గిపెట్టె కూడ ఇయ్యలే. ఎవల మీదన్న ఒట్టు పెట్టుమంటె పెడ్త."

"మీ మాట కాదనట్లేదండీ. కానీ దొరికినవి పచ్చ దారం బీడీలు. నేను చుట్టుపక్కల అన్ని కొట్లూ తిరిగాను. మీ దగ్గర తప్ప ఎక్కడా లేవు."

అవి అనసూర్యకే అమ్ముతానని, పోరడు ఆమె కొంగులోంచి తీశాడేమోనని నోటి దాకా వచ్చింది గానీ, రాజం అన్న ఇంటి మీద మాట వేయడానికి సారవ్వకు మనసొప్పలేదు.

"మీ పెత్రమాస పండుగ అయ్యాక వస్తాను. కిషన్ గారినీ ఇక్కడికే రమ్మంటాను. కట్ట ఆ అబ్బాయి చేతికి ఎలా వెళ్లిందో ఆరోజు తేలాలి. తేలకపోతే మీరే అమ్మినట్టు రాయాల్సి వస్తుందమ్మా. నాకు వేరే దారి లేదు."

ఆమె వెళ్లాక సారవ్వ చాలాసేపు మేకులు కొట్టిన రేకువైపే చూస్తూ కూర్చుంది. ఆ రేకు తీసినా ఇప్పుడు అవతల పిల్లలు లేరు. బడి గేటు పక్కనే ఎవరో ఫ్రిజ్ పెట్టి పెద్ద కొట్టు తెరిచారు.

వేరే దారేదైనా బయటపడుతుందేమోనని, మరునాటి నుంచి కొనుక్కోవడానికి వచ్చిన ప్రతి మగవాణ్నీ నిలదీసింది. "నువ్వు కిషన్ కొడుక్కు ఏమన్న ఇచ్చినవా? సచ్చి ఎవలి కడుపున పుడ్తవో గని నిజం చెప్పు" అని. నర్సింగం చేతులెత్తి దండం పెట్టాడు. "తల్లీ, నాకే ఒకటి ఎవలన్న ఇస్తరా అని చూస్త. నేనింకొకనికి ఇచ్చుడా!"

ఆ రెండు రోజులు అనసూర్య రాలేదు. మూడోనాడు వచ్చింది. మొఖం పీక్కుపోయి ఉంది. సారవ్వ అడిగేసింది.

"వదినే, నీ మనుమడు నా పేరెందుకు చెప్పిండు?"

"చిన్న పోరడు. తండ్రి గల్ల పట్టుకుంటె నోటికొచ్చింది చెప్పిండు. ఫికర్ జెయ్యకు."

"ఫికర్ జెయ్యక? డబ్బా లేస్తదే!"

"లేవది తియ్యి. ఎవలు లేపుతరు నీ డబ్బా" అని అనసూర్య నేలచూపులు చూసింది. కట్ట తీసుకుంది. ఎప్పటిలాగా కూర్చోకుండా వెళ్లిపోయింది. కొడుకు చేసిన పనికి సిగ్గుపడుతోందని సారవ్వ అనుకుంది. ఆమె మీదే జాలిపడింది కూడా.

పెత్రమాస రానే వచ్చింది. చనిపోయిన పెద్దలకు వాళ్లకు ఇష్టమైనవన్నీ వండి ఆకులో పెట్టే రోజు. కల్లు తాగినవాడికి కల్లు, బీడీ తాగినవాడికి బీడీ. ఆకు ముందు బీడీ ముట్టించి పెడితే, పోయినవాళ్లు వచ్చి ఒక దమ్ము పీల్చి పోతారని నమ్మకం. రాజం పోయిన తర్వాతి ఏటి పెత్రమాసకు బీడీ కట్ట సారవ్వే పట్టుకెళ్లింది. ఈసారి పోవాలా వద్దా అని పొద్దంతా తన్లాడింది. కాగితం రాసింది కిషన్ గానీ రాజం అన్న కాదు కదా అనుకొని, డబ్బా మూసి కట్ట పట్టుకొని వెళ్లింది.

కంపెనీ క్వార్టరు వెనక పెరట్లో గోడ మీద ఆకు వేసి ఉంది. గారెలు, మాంసం, కల్లు సీసా. కిషన్ డ్యూటీలో ఉన్నాడు. అతని భార్య జమున సారవ్వను చూసి లోపలికి రమ్మనీ అనలేదు, వద్దనీ అనలేదు. కట్ట అందుకొని అత్త అనసూర్య ముందు పెట్టింది. రుత్విక్ వాకిలి దగ్గర నిలబడి ఉన్నాడు. మీసం నూగు వచ్చిన పొడుగు పిల్లవాడు. సారవ్వను చూసి తల తిప్పుకున్నాడు.

"పోయినసారి వీడే ముట్టిచ్చిండు. ఈసారి వీని చేతికి అగ్గిపెట్టె ఇచ్చేది లేదు" అంది జమున. "అత్తమ్మా, నువ్వే ముట్టియ్యి. నువ్వెట్లాగు తాగుతవు గదా."

అనసూర్య ఒక బీడీ తీసింది. అటూ ఇటూ చూసింది. పెదవుల నడుమ పెట్టుకొని అగ్గిపుల్ల గీసింది. పుల్ల వేళ్ల దాకా కాలింది గానీ బీడీ అంటుకోలేదు. రెండో పుల్లకు అంటుకుంది. ఒక్కసారి పొగ లోపలికి పోయేసరికి ఆమె కళ్లు పైకి తేలేసి, దగ్గూ వాంతీ కలిసినట్టు వంగిపోయింది. బీడీ జారి కింద పడింది. వెన్ను రాస్తూ జమున, "మామ యాదికొచ్చినట్టుంది, ఏడుపు పట్టలేక పోతుంది" అంది.

సారవ్వ మాత్రం కదలకుండా నిలబడింది. నలభై ఏళ్లుగా ఆమె డబ్బా ముందు ఎంతమంది బీడీ ముట్టించారో లెక్క లేదు. మొదటి బీడీ ఎవడు తాగుతున్నాడో, వెయ్యో బీడీ ఎవడు తాగుతున్నాడో ఆమెకు చెప్పాల్సిన పని లేదు. రెండేళ్లుగా తన దగ్గర కట్టల మీద కట్టలు కొన్న ఈ మనిషి జన్మలో బీడీ తాగలేదు. మరి ఆ బీడీలన్నీ ఎక్కడికి పోయాయి?

వాకిలి దగ్గర రుత్విక్ నేలమీద ఆరిపోతున్న బీడీ వైపే చూస్తున్నాడు.

ఆకు తీసి అందరూ లోపలికి పోయాక, బట్టలుతికే బండ దగ్గర అనసూర్య మొఖం కడుక్కుంటుంటే సారవ్వ దగ్గరికి పోయింది.

"ఎన్నొద్దుల నుంచి నడుస్తుందే ఇది?"

అనసూర్య నీళ్ల చేతులతోనే బండమీద కూర్చుంది.

"ఆయన చేతులు వణుకుతుంటె బీడీ వీడే ముట్టిచ్చి ఇచ్చెటోడు. ఒక దమ్ము వీడు పీల్చి రాజుకున్నంక తాత నోట్లె పెట్టెటోడు. అట్ల తల్గింది అలవాటు. ఆయన పోయినంక అన్నం తినకపాయె, బడికి పోకపాయె. బజార్ల పాన్ డబ్బాల పొంటి తిరుగుడు మొదలువెట్టిండు. ఆడ ఏమేం అలవాటు చేస్తరో! నేను తెచ్చి రోజుకొకటి చేతికిస్తె ఇంటి పట్టున ఉంటడని…"

"రోజుకొకటి! రోజు విడిచి రోజు కట్ట కొంటివి గదనే!"

"మొదట్ల ఒకటే వదినే."

పక్క క్వార్టరు నుంచి ఎవరిదో ఆకు మీదికి కాకులను పిలుస్తున్న కేక వినిపించింది.

"పొద్దుమీకి దీపాలు పెట్టె యాళ్లకు ఈడనే కూసుంటడు నా పక్కన" అంది అనసూర్య, తనలో తాను చెప్పుకుంటున్నట్టు. "కొడుకు డ్యూటీ నుంచి వచ్చి పండుకుంటడు. కోడలు ఫోన్ చూసుకుంటది. వీడొక్కడే… తాగినంత సేపు నా ముచ్చట ఇంటడు. బీడీ అయిపోతె లేసి పోతడు."

సారవ్వకు కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ అది నిలవలేదు. ఆమెకు ఒళ్లంతా అలసటగా అనిపించింది. అక్కడే బండ మీద కూర్చోవాలనిపించింది. కూర్చోలేదు.

"రేపు మేడం వస్తది. కిషన్ వస్తడు. నువ్వు కూడ రా. వచ్చి నీ నోటితోని చెప్పు. నాతోని చెప్పియ్యకు వదినే."

"చెప్తె వాడు పోరన్ని చంపుతడు. నన్ను ఆ ఇంట్ల మనిషి లెక్క చూస్తదా జమున?"

"చెప్పకపోతె నా డబ్బా పోతది."

అనసూర్య కొంగుతో మొఖం తుడుచుకుంటూ లేచి లోపలికి వెళ్లిపోయింది.

మరునాడు అందరూ వచ్చారు. సుహాసిని మేడం ఈసారి కూర్చుంది. కిషన్ ఫస్ట్ షిఫ్టు దిగి నేరుగా వచ్చాడు. కనురెప్పల మీద కూడా దుమ్ముంది. అనసూర్య వచ్చి, స్టూలు మీద కాకుండా డబ్బా పక్కన గద్దె మీద కూర్చుంది. సారవ్వ ఆమెను చూసి కొంచెం తెరిపిన పడింది. వచ్చింది కదా, చెబుతుంది.

"అత్తా, నాకు నీ మీద పగ లేదు" అన్నాడు కిషన్. "వాడింక బడికి పోయె పోరడు. నువ్వెట్ల అమ్మినవు?"

"చెప్పండమ్మా" అంది సుహాసిని. "ఆ కట్ట ఎవరికి అమ్మారు?"

సారవ్వ అనసూర్య వైపు చూసింది. అనసూర్య కొంగు నోటికి అడ్డం పెట్టుకొని గేటువైపు చూస్తోంది. సరే, కొంచెం టైమిద్దాం అనుకుంది సారవ్వ. ముచ్చట చెప్పడం ఆమెకు చేతనైన పని.

"చెప్త మేడం. చెప్పేముందు ఒకటి చెప్త. ఈ కిషన్ ఇంత ఉన్నప్పుడు" అని చెయ్యి నడుము దాకా పెట్టి చూపించింది, "వాళ్ల బాపుకు బీడీలకు రోజు వచ్చెటోడు. లాగు జారిపోతుంటె ఒక చేత్తోని పట్టుకొని, ఇంకో చేత్తోని కట్ట పట్టుకొని పోయెటోడు. ఒకనాడు కట్ట మోరీ నీళ్లల్ల పడేసిండు. ఏడ్సుకుంట వస్తె ఇంకోటిచ్చిన. మా బాపుకు చెప్పకు అత్తా అన్నడు. నేను చెప్పలే. ఇన్నొద్దులు చెప్పలే."

కిషన్ తల వంచుకున్నాడు. పెదవి చివర నవ్వులాంటిది వచ్చి పోయింది. "అప్పుడు నేను తాగలే అత్తా."

"తాగలేదంటవా? సైకిల్ స్టాండు ఎనక ఎవలు దగ్గిండ్రో నాకు యాది లేదనుకున్నవా?"

సుహాసిని కూడా నవ్వు ఆపుకుంది. సారవ్వ ఇంకా చెప్పింది. బాయి కొత్తగా తవ్విన నాటి సంగతి, రాజం పెళ్లికి పెట్రోమాక్స్ లైటు ఆరిపోయిన సంగతి, ఈ డబ్బా మొదట గోనెపట్టల గుడిసెగా ఉన్న సంగతి. మాట్లాడుతూనే ప్రతి ముచ్చట చివరా అనసూర్య వైపు చూసింది. ఇప్పుడు అంటుంది, ఇప్పుడు అంటుంది అనుకుంది. బ్లాస్టింగ్ కూడా అయిపోయింది. రేకులు గడగడలాడి ఊరుకున్నాయి. కిషన్ నిద్రకు తూలుతున్నాడు. సుహాసిని చేతి గడియారం చూసుకుంది.

"అమ్మా, నేను ఇంకా రెండు చోట్లకు వెళ్లాలి."

ఇంత వయసొచ్చాక మొదటిసారి సారవ్వ దగ్గర ముచ్చట అయిపోయింది.

"ఈమెకే అమ్మిన" అంది, అనసూర్యను చూపించి. "పచ్చ దారం కట్టలన్ని ఈమెకే అమ్మిన. ఈమె తాగుతదనుకున్న. ఈమె తాగది."

కిషన్ తల్లి వైపు తిరిగాడు. అతను అరుస్తాడని సారవ్వ భయపడింది. అతను అరవలేదు. తల్లి పక్కన గద్దె మీద కూర్చుని దుమ్ము కొట్టుకున్న చేతులు చూసుకున్నాడు.

"నువ్వు తాగుతున్నవనే అనుకున్నం అమ్మా. బాపు లేడు, ఏదో దానితోని మనసు కుదుటపడుతది తియ్యి అని జమున నేను ఊకున్నం. పోరడు పొద్దుమీకి నీ కాడ కూసుంటుంటె, బాపమ్మంటె వానికి పానం అని సంతోషపడ్డం."

అనసూర్య కొంగు తీయలేదు.

సుహాసిని తన ఫైలు ముందుకూ వెనక్కూ తిప్పింది. "పెద్దావిడకు అమ్మారు. అందులో మీ తప్పు లేదమ్మా. ఇంటి దగ్గర పెద్దవాళ్లు పిల్లాడి చేతికిస్తే…" అని ఆగి, "దానికి నా రూల్సులో ఏమీ రాసి లేదు" అంది. కంప్లైంట్ కొట్టేసినట్టు రాసి, కిషన్‌తో సంతకం పెట్టించింది. "పిల్లాణ్ని కొట్టకండి. ఆసుపత్రిలో ఈ అలవాటు మాన్పించే డాక్టరు ఉంటారు, ఒకసారి తీసుకెళ్లండి" అని చెప్పి స్కూటీ ఎక్కింది.

అనసూర్య లేచింది. మోకాళ్లు పట్టుకొని నిలబడి, వచ్చినప్పటి నుంచి మొదటిసారి సారవ్వ మొఖం చూసింది.

"నీ కాగితం నీకు మిగిలింది గదా వదినే. మంచిగుండు."

"నువ్వు చెప్తవని ఎంత సేపు చూసిన్నే…"

అనసూర్య ఆగలేదు. కిషన్ తల్లి వెనక నాలుగడుగుల దూరంలో, నిద్రలో నడిచేవాడిలా నడిచాడు.

లైసెన్సు గోడమీదే ఉంది. డబ్బా లేవలేదు. ఆ సాయంత్రం షిఫ్టు దిగినవాళ్లు వచ్చి, "గెలిచినవట గదా సారక్కా" అన్నారు. సారవ్వ కట్టలు అందిస్తూ ఊకొట్టింది. మిగిలిన పచ్చ దారం కట్టలు తీసి, కంపెనీ మనిషి వస్తే తిరిగిచ్చేయాలని సంచిలో వేసి పక్కన పెట్టింది. మరునాడు మధ్యాహ్నం బ్లాస్టింగ్ అయ్యాక ఎవరూ రాలేదు. ఆ తర్వాతి రోజూ రాలేదు. దవడలకు మంచి విశ్రాంతి దొరికింది గానీ అది ఆమె కోరుకున్న విశ్రాంతి కాదు.

నాలుగోనాడు బడి వదిలే వేళకు రుత్విక్ వచ్చాడు. బ్యాగు భుజం మీద ఉంది. డబ్బాకు దూరంగా నిలబడ్డాడు.

"నీకియ్యను బిడ్డా" అంది సారవ్వ, అలవాటుగా.

"బీడీలకు రాలే అవ్వా." వాడు చెప్పుతో మట్టి గీశాడు. "నీ పేరు చెప్పుడు తప్పే. బాపమ్మ పేరు చెప్పద్దని…"

"నాకెర్కనే తియ్యి. దవాఖానకు పోయిండ్రా?"

"పోయినం. బిళ్లలిచ్చిండ్రు. చప్పరియ్యాలె." కాస్త ఆగి, "బాపమ్మ మాట్లాడ్తలేదు. గోడ దిక్కు తిరిగి పంటుంది. నువ్వొకసారి రా అవ్వా" అన్నాడు.

"నేనొస్తె ఇంకింత తిరుగుతది గోడ దిక్కు. నువ్వే కూసో ఆమె కాడ."

"కూసున్న నిన్న. ఏం మాట్లాడాల్నో సమజ్ కాలే. అంతకుముందు నేను తాగుకుంట ఉంటె ఆమెనే చెప్తుండె. ఉత్తగ కూసుంటె చేతులు ఏడ పెట్టుకోవాల్నో తెలుస్తలేదు."

సారవ్వ వాణ్ని పైనుంచి కింది దాకా చూసింది. ఆ చేతులు నిజంగానే పొడుగ్గా, పని లేనట్టుగా వేలాడుతున్నాయి.

"ఆఖరుసారి ఏం ముచ్చట చెప్తుండె?"

"బాయిలకు నీళ్లు దుంకి మునిగిన ముచ్చట. రాయమల్లు తాత నీళ్లల్ల నిలబడ్డ కాడ ఆపింది. బీడీ అయిపోయిందని నేను లేసిన."

సారవ్వ బీడీ కట్టలు సర్దుతున్న చెయ్యి ఆగింది. ఆ ముచ్చట ఆమె ఎవరికీ చెప్పదు. ఎన్ని చెప్పినా అది చెప్పదు.

"అయితె పోయి అడుగు. ఆ తర్వాత ఏమైంది బాపమ్మా అను."

"చెప్పకపోతె?"

"చెప్పకపోతె నువ్వే తప్పు చెప్పు. రాయమల్లు తాత భయపడి మీ తాతను ఇడిసిపెట్టి ఉరికిండట గదా అను. అప్పుడు లేసి కూసుంటది చూడు. నిన్ను తిట్టుకుంటనే చెప్తది."

రుత్విక్ మొఖంలో కొంచెం వెలుగు వచ్చింది. రెండడుగులు పోయి మళ్లీ తిరిగాడు.

"మరి నిజంగ ఉరకలేదా అవ్వా? ఏమైంది?"

"ఆమెను అడుగు పో. నాకు గిరాకీ ఉన్నది" అని సారవ్వ లోపలికి తిరిగింది.

ఆ వేళప్పుడు డబ్బా ముందు ఎవరూ లేరు.